నలుగురు మోసిన పరుపు: దోర్నకల్ నుండి మన వాడ దాకా



ధ్యాన భాగం: మార్కు సువార్త 2వ అధ్యాయం, 1 నుండి 12 వచనాలు.

మనిషి ఎట్లా బతికినా చివరికి మోయడానికి నలుగురు కావాలని మన ఊళ్లలో పెద్దలు అంటుంటారు. నలుగురితో మంచిగా ఉండమని చెప్పడానికే ఆ మాట. అయితే కపెర్నహూములో జరిగిన సంగతి చదివినప్పుడల్లా నాకు ఇంకొకటి తోస్తుంది. అక్కడ నలుగురు మనుషులు బతికున్న మనిషిని మోశారు. జనం అడ్డం ఉన్నారని తిరిగి పోలేదు. పైకప్పు విప్పి పరుపుతో సహా దింపారు. ఆ పక్షవాయువు మనిషి ఒక్క మాట మాట్లాడినట్టు మార్కు రాయలేదు. ప్రభువు చూసింది మోసినవాళ్ల విశ్వాసాన్ని అని మాత్రం రాశాడు.

తాగుడులో పడిపోయిన మనిషి, మతి చెదిరిన మనిషి, ఇల్లు వాకిలి లేకుండా స్టేషన్‌లోనో బస్టాండులోనో పడి ఉన్న మనిషి, ముగ్గురూ ఆ పరుపు మీద ఉన్నవాళ్లే. తమంతట తాము లేచి రాలేరు. పోయాక మోసే నలుగురు ఎవరికైనా దొరుకుతారు. బతికుండగా మోసే నలుగురు దొరుకుతారా అన్నదే ప్రశ్న. ఈ వారం వాక్యంతో పాటు కొంచెం చరిత్ర చెప్పుకుందాం. అందులో మొదటిది మన పక్క స్టేషన్ చరిత్రే.

దోర్నకల్‌లో నాలుగు దయ్యాలు

కేసముద్రంలో రైలెక్కితే మహబూబాబాద్, గార్ల దాటాక దోర్నకల్ వస్తుంది. 1909లో, నిజాం పాలనలో, ఒక తమిళ పాదిరి ఆ ఊరికి వచ్చి మొదట గుడారంలో కాపురం ఉన్నారు. ఆయన పేరు వేదనాయకం సామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో ఒక గ్రామ పాదిరి ఇంట పుట్టారు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, సొంత మనుషులతో పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ తరఫున ఇక్కడికి వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసే వరకు దోర్నకల్‌ను విడిచిపెట్టలేదు.

ఆయన దగ్గరికి వచ్చినవాళ్లు ఎక్కువగా మాలలు, మాదిగలు. పొలం లేదు, చదువు లేదు, దొరల ఇళ్లలో వెట్టి. అజరయ్యగారు ఎద్దుల బండి మీద ఊరూరా తిరుగుతూ నాలుగు దయ్యాల గురించి చెప్పేవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు. ఈ నాలుగూ పల్లెను పట్టి పీడిస్తున్న దయ్యాలు, వీటిని వెళ్లగొట్టాలి అనేవారు.

ప్రియులారా, ఆ వరసను కొంచెం ఆగి చూడండి. తాగుడును ఆయన ఒంటరిగా చూపించలేదు. మురికినీళ్లు తాగితే రోగం వస్తుంది. రోగం వస్తే కూలి పోతుంది, అప్పు అవుతుంది. అప్పు అయితే వెట్టి, వెట్టితో అవమానం. ఆ బాధ మరవడానికి కల్లు, ఇప్పసారా. తాగితే మళ్లీ అప్పు. నాలుగు దయ్యాలూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని తిరుగుతాయి. ఒక్కదాన్ని పట్టుకొని తిడితే మిగతా మూడూ దాన్ని మళ్లీ ఇంట్లోకి తెస్తాయి. పైగా ఆ రోజుల్లో హైదరాబాద్ సంస్థానం ఖజానాకు ఆబ్కారీ పెద్ద రాబడి. తాగుడు మీద సర్కారు బతుకుతుంటే మానమని చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు?

అందుకని దోర్నకల్ సంఘం ప్రసంగంతో ఆగలేదు. 1930ల నాటికి ఆ డయోసిస్‌లో దాదాపు 250 మంది భారతీయ పాదుర్లు, రెండు వేలకు పైగా గ్రామ ఉపాధ్యాయులు ఉన్నారు. వైద్యశాలలు, సహకార సంఘాలు, అచ్చుయంత్రాలు పెట్టారు. రోగానికి మందు, అప్పుకు సహకార సంఘం, చీకటికి చదువు. ఊళ్లో ఉండే ఉపాధ్యాయుడు పగలు పిల్లలకు అక్షరాలు చెప్పి, కూలి నుండి పెద్దవాళ్లు తిరిగి వచ్చాక సాయంత్రం ప్రార్థనకు కూర్చోబెట్టేవాడు. ఆ సాయంత్రం వేళను గమనించండి. పని దిగిన మనిషి కాళ్లు కల్లు దుకాణం వైపు లాగేది సరిగ్గా ఆ గంటలోనే. ఆ గంటలో కూర్చోవడానికి వేరే చోటు, పలకరించడానికి వేరే మనుషులు దొరికారు. మానమని చెప్పడం సులువు. మానినవాడు సాయంత్రం ఎక్కడికి పోవాలో చూపించడమే కష్టం. ఆనాటి సంఘం ఆ చోటు చూపించింది.

అజరయ్యగారి భార్య అన్బు అమ్మగారు స్త్రీల మధ్య పని చేశారు. తాగుడు బాధ మొదట తెలిసేది ఆడవాళ్లకే కదా. ఇద్దరూ కలిసి ఊళ్లు తిరిగి, ఒక ఇంటిలో భార్యాభర్తలు ఎట్లా ఉండాలో తమ బతుకుతోనే చూపించారు.

బాప్తిస్మం తీసుకున్న రోజునే అందరి తాగుడూ పోలేదు. పెళ్లికో చావుకో మళ్లీ తాగినవాళ్లు ఉన్నారు. సంఘ పెద్దలు కూర్చొని అడగడం, గద్దించడం, మళ్లీ చేర్చుకోవడం నడుస్తూనే ఉండేది. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ కేథడ్రల్‌ను చూసి మనం గర్వపడతాం. దాన్ని కట్టడానికే పాతికేళ్ల దాకా పట్టింది. రాతి గుడికే అన్నేళ్లు పడితే, పడిపోయిన మనిషి లేవడానికి మూడు వారాల ఉపవాస ప్రార్థన సరిపోలేదని విసుక్కుంటామా?

ఈ పని మనవాళ్లు మాత్రమే చేశారని కూడా అనుకోవద్దు. అదే కాలంలో హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మగారు 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, దళితవాడల్లో భజనలు, కథల ద్వారా తాగుడు మానమని, పిల్లలను చదివించమని ప్రచారం చేశారు. దారి వేరైనా ఆయన కూడా సాయంత్రం పూట నలుగురిని ఒకచోట కూర్చోబెట్టే పనితోనే మొదలుపెట్టారు.

దూబగుంట ఆడవాళ్లు

ఇప్పుడు యాభై ఏళ్లు ముందుకు, నెల్లూరు జిల్లాకు వద్దాం. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిబడిలో చదువుకునే ఆడవాళ్ల పాఠాల్లో సారా వల్ల చితికిపోయిన ఇంటి కథ ఒకటి ఉంది. చదువుతున్నవాళ్లకు అది కథలా అనిపించలేదు, తమ ఇల్లే కనిపించింది. అప్పట్లో సారా ప్యాకెట్లలో ఊళ్లోకి వచ్చేది. కూలి డబ్బులు ఇంటికి చేరకముందే దుకాణంలో అయిపోయేవి.

దూబగుంట అనే చిన్న ఊళ్లో ఆడవాళ్లు ఒక్కటై సారాను ఊళ్లోకి రానివ్వలేదు. వాళ్లలో వర్ధినేని రోశమ్మగారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ ఊరి సంగతి ఇంకో పాఠంగా అచ్చయి మిగతా ఊళ్లకు పోయింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగకుండా ఆడవాళ్లు అడ్డుపడ్డారు. వేలం వాయిదాల మీద వాయిదాలు పడింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. చదువు రాని తల్లులు అక్షరాలు నేర్చుకొని ఒక ప్రభుత్వ చట్టాన్నే మార్చారు. మన తెలుగు నేల మీద ఇంత పెద్ద సాక్ష్యం మరొకటి అరుదు.

కానీ 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. దుకాణాలు మళ్లీ తెరిచారు. నిషేధం ఉన్నన్నాళ్లూ చాటుమాటున గుడుంబ కాగింది. మన జిల్లాలో నల్లబెల్లం, పటిక పట్టుబడిన వార్తలు ఇప్పటికీ కొత్త కాదు. ఇప్పుడు బెల్టు షాపు లేని ఊరిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అయితే ఆ తల్లుల కష్టం వ్యర్థమా? నేను అట్లా అనను. ఆ నాలుగేళ్లలో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది. కానీ ఇందులో మనకొక పాఠం ఉంది. దుకాణం మూయడం చట్టం చేయగలదు. తాగుడుకు అలవాటుపడిన ఒంటిని, దిగులుతో నిండిన మనసును చట్టం బాగుచేయలేదు. దుకాణం మూతపడిన మరునాడు ఆ మనిషి పక్కన ఎవరు కూర్చున్నారు అన్న ప్రశ్న మిగిలిపోయింది.

ఒక్కసారి ఆపితే ఒంట్లో ఏమవుతుంది

ఆ ప్రశ్నకు జవాబు లేనప్పుడు ఏం జరుగుతుందో మన తెలంగాణ రెండుసార్లు చూసింది.

2015 సెప్టెంబరులో నిజామాబాద్, ఇంకా కొన్ని జిల్లాల్లో కల్తీ కల్లును అధికారులు గట్టిగా అరికట్టారు. చెట్టు నుండి దించిన కల్లు వేరు. ఈ కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలుపుతారు. ఏళ్ల తరబడి అది తాగినవాళ్లకు ఒక్కసారిగా దొరకకపోయేసరికి వణుకు, ఫిట్స్, పిచ్చి చూపులు, అరుపులు. దవాఖానలు నిండిపోయాయి. మళ్లీ 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌కు వైన్ షాపులన్నీ మూతపడ్డాయి. కొద్ది రోజుల్లోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు ఇట్లాంటి మనుషులను పట్టుకొని కుటుంబాలు వరసకట్టాయి. ప్రాణం తీసుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

వైద్యులు చెప్పే లెక్క ఇది. చాలా ఏళ్లుగా రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానితే, మొదటి రోజులోనే చేతుల వణుకు, చెమటలు, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి లేనివి కనబడతాయి, వినబడతాయి. గోడ మీద పురుగులు పాకుతున్నాయని, ఎవరో చంపడానికి వస్తున్నారని కేకలు వేస్తారు. ఈ స్థితిలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. దవాఖానలో మందులు, బి1 విటమిన్ సూదులు ఇస్తే చాలామంది వారం పది రోజుల్లో తేరుకుంటారు.

ఈ సంగతి సంఘంలో ప్రతి ఒక్కరికీ తెలియాలి. ఎందుకంటే మనవాళ్లు ఆదివారం ఆరాధనలో తీర్మానం చేసుకుంటారు, సోమవారం నుండి మానేస్తారు, బుధవారం రాత్రి అరుస్తుంటే ఇంట్లోవాళ్లు దయ్యం పట్టిందనుకొని ప్రార్థనకు తెస్తారు. ప్రార్థన తప్పకుండా చేద్దాం. ఆటో ఎక్కించి దవాఖానకు పోతూ ఆటోలో చేద్దాం. తెల్లారేదాకా మందిరంలో కూర్చోబెట్టి ఆ మనిషి ప్రాణంతో ఆడుకోవద్దు. లూకా సువార్త రాసిన లూకా వైద్యుడని మనకు తెలుసు కదా.

మంజక్కుడి ఊరు చేసిన పని

వైద్యం, ఊరు రెండూ కలిస్తే ఎట్లా ఉంటుందో తమిళనాడులోని మంజక్కుడి అనే పల్లె చూపించింది. మద్రాసులో శాంతి రంగనాథన్‌గారు భర్తను తాగుడు వల్ల పోగొట్టుకున్నారు. ఆ దుఃఖంలో నుండే 1980లో తాగుడు మాన్పించే వైద్యసంస్థను మొదలుపెట్టారు. అయితే పల్లె మనిషి కూలి వదులుకొని, పట్నం వచ్చి, దవాఖానలో నెల రోజులు ఉండగలడా? ఉండలేడు. అందుకని 1989లో వాళ్లే పల్లెకు వెళ్లారు. మంజక్కుడిలో పదిహేను రోజుల శిబిరం పెట్టారు.

ఆ శిబిరం నడిచిన తీరు చూడండి. వైద్యులు, నర్సులు, సలహాదారులు పట్నం నుండి వచ్చారు. చోటు, వసతి, మనుషులను గుర్తించి తీసుకొచ్చే పని స్థానికులు చూసుకున్నారు. మొదట మందులతో ఒంట్లోని విషాన్ని దించారు. తరువాత రోజూ కూర్చోబెట్టి మాట్లాడారు. భార్యలను, తల్లులను కూడా పిలిచి విడిగా మాట్లాడారు. శిబిరం అయిపోయాక నెలనెలా వచ్చి చూశారు. అన్నిటికన్నా పెద్ద సంగతి ఏమిటంటే, మనిషి మానేస్తున్నాడని ఊరందరికీ తెలుసు. దాచుకోవలసిన పని లేదు. ఇంటికి తిరిగి వచ్చేసరికి పలకరించేవాళ్లు ఉన్నారు. ఏటేటా ఆ శిబిరం నడిచింది. అంతకుముందు మానినవాళ్లే కొత్తవాళ్లకు ధైర్యం చెప్పడానికి వచ్చేవాళ్లు.

మానినవాడే మానబోయేవాడికి తోడు కావడం అనే ఈ దారి 1935లో అమెరికాలో మొదలైంది. ఆక్రన్ అనే ఊళ్లో బిల్ విల్సన్ అనే వ్యాపారి, బాబ్ స్మిత్ అనే వైద్యుడు కలుసుకున్నారు. ఇద్దరూ తాగుబోతులే. మళ్లీ తాగాలనిపించినప్పుడు ఇంకొక తాగుబోతును వెతుక్కుంటూ వెళ్లి మాట్లాడితే తాను నిలబడగలుగుతున్నానని బిల్‌కు అర్థమైంది. బాబ్ చివరి గ్లాసు తాగిన 1935 జూన్ 10ని ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కిస్తారు. అందులో ఫీజు లేదు, పెద్దాచిన్నా లేదు. ఒకరినొకరు మోసుకుంటారు. మోస్తూ మోస్తూ మోసేవాడు కూడా బాగుపడతాడు.

గొలుసులు

ఇప్పుడు మార్కు సువార్త 5వ అధ్యాయానికి రండి. గెరాసేనుల దేశంలో ఒక మనిషి సమాధుల్లో ఉండేవాడు. ఇల్లు లేదు, బట్ట లేదు. రాళ్లతో తన్ను తానే కోసుకునేవాడు. ఆ ఊరివాళ్లు అతనికి చేసిన సాయం ఒక్కటే, గొలుసులతో కట్టేయడం. ప్రభువు అతన్ని విడిపించాక అతను బట్టలు కట్టుకొని, మతి కుదిరి కూర్చున్నాడు. పడవ ఎక్కి వెంట వస్తానంటే ప్రభువు ఒప్పుకోలేదు. ఇంటికి, సొంతవాళ్ల దగ్గరికి పొమ్మన్నాడు. స్వస్థత పూర్తయ్యేది ఇంటి గడప దగ్గర అని ఆయనకు తెలుసు.

గొలుసుల రోజులు బైబిలు కాలంతో పోలేదు. తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో ఒక దర్గా ఉంది. మనోవ్యాధి నయమవుతుందని అన్ని మతాలవాళ్లూ అక్కడికి వెళ్లేవారు. దర్గా చుట్టూ కొందరు ప్రైవేటుగా ఆశ్రమాలు పెట్టి రోగులను ఉంచుకునేవారు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అట్లాంటి ఒక పాకకు నిప్పంటుకుంది. లోపలివాళ్లను గొలుసులతో కట్టేసి ఉంచారు. 28 మంది పారిపోలేక కాలిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది.

అది వేరే మతంవాళ్ల చోటు అని మనం పక్కకు జరిగితే పాపం చేసినవాళ్లమవుతాం. మతి చెదిరిన కొడుకును, కూతురిని మందిరంలో వదిలేసి పోయే కుటుంబాలు అన్ని మతాల్లోనూ ఉన్నాయి. ఇంటి వెనక పాకలో కట్టేసి ఉంచినవాళ్లూ ఉన్నారు. వాళ్లు చెడ్డవాళ్లని నేను అనడం లేదు, అలసిపోయినవాళ్లు. సాయం దొరకనప్పుడు గొలుసు దొరుకుతుంది. కానీ 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనైనా మనోరోగిని గొలుసులతో కట్టేయడాన్ని నిషేధించింది. ప్రార్థన కోసమైనా, భయం కోసమైనా కట్టేయడం నేరం.

గొలుసుకు బదులు తోడు ఉంటే ఏమవుతుందో వెల్లూరు సీఎంసీ దవాఖాన ఏనాడో చూపించింది. మనలో చాలామంది పెద్ద జబ్బు వస్తే రైలెక్కి పోయేది అక్కడికే. 1957లో అక్కడ మానసిక వైద్య కేంద్రం మొదలైంది. రోగిని లోపల వేసి తాళం పెట్టే పద్ధతి వదిలి, ఇంటివాళ్లలో ఒకరు రోగితో పాటే ఉండే పద్ధతి పెట్టారు. మందు ఎట్లా ఇవ్వాలో, కోపం వచ్చినప్పుడు ఎట్లా మాట్లాడాలో తల్లికి, భర్తకు అక్కడే నేర్పేవారు. ఇంటికి వెళ్లాక చూసుకోవలసింది వాళ్లే కదా.

స్టేషన్‌లో దిగిన మనిషి

మన కేసముద్రానికి రైలు వరం. మిర్చి, పసుపు, మక్కలు అమ్ముకోవడానికి మార్కెట్‌కు జనం వస్తారు. అదే రైల్లో ఒక్కోసారి పేరు చెప్పలేని, భాష తెలియని మనిషి కూడా దిగుతాడు. చింపిరి జుట్టు, మాసిన బట్టలు. పిల్లలు రాళ్లు విసురుతారు, హోటలువాళ్లు కసిరికొడతారు. ఎక్కడో ఒక తల్లి అతని ఫోటో పట్టుకొని వెతుకుతూ ఉంటుందని ఎవరికీ తట్టదు.

ముంబైలో భరత్ వట్వానీ అనే మనోవైద్యుడు, ఆయన భార్య స్మిత ఇట్లాంటివాళ్ల కోసం 1988లో శ్రద్ధ అనే సంస్థ పెట్టారు. రోడ్డు మీద దొరికినవాళ్లను తీసుకెళ్లి, స్నానం చేయించి, వైద్యం చేస్తారు. మందులు పనిచేసి మతి కుదిరాక ఆ మనిషి తన ఊరి పేరు చెబుతాడు. అప్పుడు ఎంత దూరమైనా ఇంటికి చేరుస్తారు. అట్లా వేలమంది ఇళ్లకు చేరారు. 2018లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. చనిపోయాడనుకొని కర్మలు చేసిన ఇంటికి కొడుకు నడిచి వస్తే ఎట్లా ఉంటుందో తప్పిపోయిన కుమారుని కథ చదివిన మనకు వేరే చెప్పాలా?

మన ఊళ్లో అంత పెద్ద సంస్థ లేదు. కానీ 2017 చట్టం ప్రకారం మతి స్థిమితం లేక తిరుగుతూ తనను తాను చూసుకోలేని మనిషి కనబడితే రక్షించి, 24 గంటల్లోపు దగ్గరి సర్కారు దవాఖానకు చేర్చే బాధ్యత పోలీసులది. వాళ్లకు చెప్పవలసిన బాధ్యత మనది. ఒక బుక్కెడు అన్నం, ఒక పాత చొక్కా, ఒక ఫోన్ కాల్. మంచి సమరయుడు కూడా మొదట చేసింది గాయం కట్టి, సత్రానికి చేర్చి, ఖర్చులకు డబ్బులిచ్చి, మళ్లీ వస్తానని చెప్పడమే.

పరుపుకు నాలుగు మూలలు

ఈ చరిత్ర అంతా చూస్తే నాకొకటి అర్థమవుతుంది. దోర్నకల్‌లో గాని, దూబగుంటలో గాని, మంజక్కుడిలో గాని ఒక్కడే లేచినవాడు లేడు. తెలుగులో చర్చిని సంఘం అంటాం. ఆడవాళ్లు కూడితే మహిళా సంఘం అంటాం. అప్పు తీర్చుకోవడానికి పెట్టుకున్నదీ సహకార సంఘమే. ఆ మాటకు అర్థం ఒక్కటే, కూడి ఉండడం. పరుపుకు నాలుగు మూలలుంటాయి. నాలుగు చేతులు పట్టుకుంటేనే లేస్తుంది.

మొదటి మూల ఇల్లు. తాగే మనిషి భార్యకు, మతి చెదిరిన బిడ్డ తల్లికి ఓర్చుకో, ప్రార్థన చేయి అని మాత్రం చెప్పి పంపవద్దు. ఆమె కూడా గాయపడింది. దెబ్బలు తింటుంటే ముందు ఆమెకు, పిల్లలకు భద్రమైన చోటు చూపించండి. చేతులు పడిపోయినవాళ్లు పరుపు మోయలేరు.

రెండో మూల వైద్యం. మానసిక జబ్బుకు మందులు వాడుతున్నవాళ్లు డాక్టరు చెప్పకుండా మానవద్దు. ప్రార్థన చేశాం కదా, మాత్రలు పారేయమని చెప్పే అధికారం ఏ పాస్టరుకూ లేదు, నాకు కూడా లేదు. ఇంట్లో ఎవరికైనా దిగులు, నిద్రలేమి, చావు ఆలోచనలు ఉంటే 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. తాగుడు, గంజాయి అలవాటు గురించి 14446కు చేయండి.

మూడో మూల అదే దారి నడిచినవాడు. మన సంఘంలో తాగుడు మానిన అన్నలు ఉన్నారు. మీ సాక్ష్యం ఆదివారం మైకులో ఎంత అవసరమో, శనివారం రాత్రి ఒక తమ్ముని అరుగు మీద అంతకన్నా ఎక్కువ అవసరం. పాతది గుర్తుచేసుకోవడం సిగ్గనుకోవద్దు. మీరు నడిచివచ్చిన దారే అతనికి ఇప్పుడు కావలసింది.

నాలుగో మూల మనమంతా. కూలి డబ్బులు చేతికి వచ్చే రోజు, పెళ్లి, దినం, పండుగ, ఇవి జారిపడే రోజులు. ఆ రోజు అతన్ని ఒంటరిగా వదలవద్దు. పెళ్లికి పిలిస్తే మీ పక్కన కూర్చోబెట్టుకోండి. పని ఉంటే పిలిచి పని ఇవ్వండి. తాగుబోతు, పిచ్చోడు అనే పేర్లు మన నోట రానివ్వకండి. పేరు పెట్టి పిలవడం కూడా ఒక మూల పట్టుకోవడమే. మళ్లీ పడితే మళ్లీ ఎత్తుదాం. ఎన్నిసార్లు క్షమించాలని పేతురు లెక్క అడిగితే ప్రభువు చెప్పిన లెక్క మనకు తెలుసు. ఎవరూ దాన్ని వేళ్ల మీద పూర్తిచేయలేరు.

ఒక వంద సంవత్సరాల కింద మన తాతలకు, అవ్వలకు ఎవరో వచ్చి సాయంత్రం పూట పక్కన కూర్చున్నారు. అందుకే ఈరోజు మనం ఇట్లా ఉన్నాం. మన వాడలో ఈ వారం ఎవరి పరుపు నేల మీద ఉందో మీకు నాకన్నా బాగా తెలుసు. ఒక మూల మీరు పట్టుకోండి. మిగతా మూడు మూలలకు మనుషులను పిలుద్దాం.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, తాగుడులో, దిగులులో, రోడ్డు మీద ఉన్న మా అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను నీ యెదుటికి తెస్తున్నాము. వారి కోసం అలసిపోయిన ఇంటివారికి బలమిమ్ము. వైద్యుల చేతులను ఆశీర్వదించుము. గొలుసు పట్టుకొనే చేతులుగా గాక పరుపు మోసే చేతులుగా మమ్మును చేయుము. పైకప్పు విప్పవలసి వచ్చినా వెనుదిరుగని ప్రేమ మాకు దయచేయుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.